కాల్సీమంటావేట్రా?

ముందే చెప్పేస్తున్నాను, ఇందులో వంకాయల తప్పేమీ లేదు. అమ్మ తప్పు కూడా లేదు. నా తప్పు కొంత ఉంది. మిగతాదంతా మా మేనల్లుడిది. వాడు మాత్రం ఒప్పుకోడు.

వాడు వైజాగ్‌లో ఇంజనీరింగ్ చదువుతున్నాడు. హాస్టల్లో అంత పెద్ద కంప్యూటర్ ఉంచుకోనివ్వరని విజయనగరం తెచ్చి, మా వంటింటికి ఆనుకున్న గదిలో పెట్టిపోయాడు. ఆ గది తలుపుకి గెడ లేదు, ఇది గుర్తుంచుకోండి. పోతూ పోతూ ‘ఆర్క్ రైడర్స్’ అనే ఆట నాకు అంటించి మరీ పోయాడు. స్వీడన్ వాళ్ళు చేసిన ఆట, 2025 అక్టోబర్ 30న వచ్చింది. "టార్కోవ్ అని ఇంకోటుంది మావయ్యా, అది నీ వయసుకి అరగదు" అన్నాడు. నాకు నలభై నాలుగు. రాత్రిపూట పెసరట్టు అరగని మాట నిజమే గానీ, ఆట అరగకపోవడమేమిటి?

ఆట సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. పైన యంత్రాలు తిరుగుతుంటాయి, మనుషులు భూమి లోపల దాక్కుని ఉంటారు. మనం పైకి వెళ్ళి, దొరికింది సంచిలో వేసుకుని, అరగంట లోపల లిఫ్ట్ పట్టుకుని కిందికి వచ్చేయాలి. వస్తే సరుకంతా మనది. మధ్యలో చచ్చామా, సంచి గోవిందా. చంపేది యంత్రాలొక్కటే కాదు, మనలాగే సంచి పట్టుకొచ్చిన సాటి మనిషి కూడా. సిరిమానోత్సవం నాడు మూడు లాంతర్ల దగ్గర జనంలోంచి జేబులో పర్సుతో సహా ఇంటికి చేరడం ఉంది చూడండి, అదే ఇది. విజయనగరం వాడికి ఇందులో కొత్తగా నేర్పేదేముంటుంది అనుకున్నాను.

మేనల్లుడు మాత్రం ఊరుకోలేదు. ఒంటరిగా ఆడేవాడు ఎలా దోచుకోవాలో, ఎలా తప్పించుకోవాలో వాట్సాప్‌లో పదకొండు వాయిస్ మెసేజ్‌లు పంపాడు. సొంత తుపాకీ పట్టుకెళ్ళకు, ఆట వాళ్ళు ఉచితంగా ఇచ్చే సామానుతో వెళ్ళు, పోయినా బాధ ఉండదు. (ఆ ఉచిత సామానులో సేఫ్ పాకెట్ ఉండదని, అంటే చచ్చినా సరుకు పోని జేబు ఉండదని, పదకొండింట్లో ఒక్కదాంట్లోనూ చెప్పలేదు. ఉచితం అనగానే నేనూ ఇంకేమీ అడగలేదు.) పరుగెత్తకు, చప్పుడవుతుంది. కాల్పులు వినిపించిన వైపు పోకు. లిఫ్ట్ పిలిచాక దాని ముందు నిలబడకు, సైరన్ ఊరంతా వినిపిస్తుంది, పొదలో కూర్చుని తలుపులు తెరుచుకున్నాక వెళ్ళు.

చివరి మెసేజ్‌లో వాడు నొక్కి నొక్కి చెప్పింది ఇది: "మైక్ ఎప్పుడూ ఆన్‌లో ఉంచు మావయ్యా. సోలోకి నోరే తుపాకీ. ఎవడు కనిపించినా ‘ఫ్రెండ్లీ, ఫ్రెండ్లీ’ అను, చాలామంది వదిలేస్తారు." ఈ ఆటలో దగ్గర్లో ఉన్నవాళ్ళకి మన గొంతు వినిపిస్తుంది. నోరు మంచిదైతే ఊరు మంచిదని మనవాళ్ళు ఊరికే అన్నారా, బాగానే ఉంది అనుకున్నాను. మన గొంతుతో పాటు మన ఇంట్లోవాళ్ళ గొంతులూ వెళ్తాయన్న సంగతి నాకు తట్టలేదు.

నిన్న ఆదివారం. సాయంత్రం కూర్చున్నాను. ఆటలో నాకో కోడిపుంజు ఉంది, పేరు స్క్రాపీ. మనం లేనప్పుడు అది తిరిగి తిరిగి సామాన్లు ఏరుకొస్తుంది. దాన్ని పెంచి పెద్ద చేయాలంటే ముందు కుక్క మెడపట్టీ తేవాలి (కోడికి ఎందుకని అడక్కండి), తర్వాత మూడు నిమ్మకాయలు, మూడు ఆప్రికాట్లు. డ్యామ్ మ్యాప్‌లో చెట్ల కింద పాకుతూ నిమ్మకాయలు ఏరాను. ఇంట్లోకి నిమ్మకాయలు తెమ్మని అమ్మ చెప్పి మూడు రోజులైంది. ఆ మాట అప్పుడే గుర్తొచ్చింది, అప్పుడే మర్చిపోయాను. ఎందుకంటే తర్వాతి సొరుగులో బ్లూప్రింట్ దొరికింది. ఒక తుపాకీ తయారుచేసే విధానం. నెల రోజులుగా ఆడుతున్నాను, అలాంటిది కళ్ళజూడలేదు.

లిఫ్ట్ దగ్గరికి ఎలా చేరానో వదిలేయండి. మీట నొక్కాను, సైరన్ మొదలైంది. పొదలోకి దూరాను.

పొదలో అప్పటికే ఒకాయన ఉన్నాడు.

"ఫ్రెండ్లీ, ఫ్రెండ్లీ" అన్నాను. గొంతు సన్నగా వచ్చింది. "ఫ్రెండ్లీ బ్రో" అన్నాడు. ఇద్దరం తుపాకులు దించాం. వీపూ వీపూ ఆనించి, ఆర్టీసీ కాంప్లెక్స్‌లో ఆఖరి బస్సు కోసం చూసే ప్రయాణికుల్లా కూర్చున్నాం. మేనల్లుడి మీద మొదటిసారి గౌరవం కలిగింది.

అప్పుడు గది తలుపు తెరుచుకుంది. గెడ లేదని చెప్పాను కదా.

అమ్మ. చేతిలో రెండు గుండ్రటి వంకాయలు, తొడిమ పట్టుకుని. అప్పటికే నూనె రాసేసింది. ఆ నూనె మణికట్టు మీదుగా గాజుల దాకా కారుతోంది.

"ఒరే, వీటిని ఏటి సేయమంటావు? కూర వండీమంటావా, కాల్సీమంటావా? బేగి సెప్పు, పొయ్యి ఎలిగించీసినాను."

ఇక్కడ నా పరిస్థితి మీరు అర్థం చేసుకోవాలి. మా ఇంట్లో వంకాయ కాల్చడమంటే పచ్చిపులుసు. తొక్క నల్లబడి పేలేదాకా సెగ మీద తిప్పి, ఒలిచి, చేత్తో మెదిపి, చింతపండు పులుసులో వేసి, పచ్చిమిర్చి, ఉల్లిపాయ ముక్కలు, చిన్న బెల్లం ముక్క. ఆ పొగ వాసన అన్నంలో కలిసిందంటే నేను ఎవరినైనా క్షమించేస్తాను, ఆ మేనల్లుణ్ణి తప్ప. ప్రపంచంలో ఏ కొడుకైనా ఏం చెప్తాడు?

"కాల్సీ! కాల్సీ అమ్మా, బేగి కాల్సీ!"

వెనక నుంచి ఢాం ఢాం ఢాం. నేల మీద పడ్డాను. ఈ ఆటలో వెంటనే చావం, కాసేపు పాకే అవకాశం ఇస్తారు. పాకుతున్నాను. పైన నిలబడి ఆయన స్వచ్ఛమైన తెలుగులో, గోదావరి తీపితో అన్నాడు:

"తప్పుగా అనుకోకండి. నన్ను కాల్చేయమని మీవాళ్ళకి చెప్తుంటే విన్నానండి. అందుకే ముందు నేను కాల్చేశానండి."

"మావాళ్ళెవరూ లేరండీ! నేను సోలో అండీ! వంకాయలండీ!"

"వంకాయలంటే ఏంటండీ? గ్రెనేడ్లా?"

మనిషిని కాల్చాక ఇంత మర్యాద ఎందుకో నాకిప్పటికీ అర్థం కాలేదు. ఆ ‘అండీ’లన్నీ ముందే వాడి ఉంటే తెలుగువాడని నాకు తెలిసేది కదా. బ్రో అట, బ్రో.

లిఫ్ట్ తలుపులు తెరుచుకున్నాయి. పది బారల దూరం. పడిపోయినవాడు కూడా పాక్కుంటూ లోపలికి చేరితే బతికిపోతాడు. ఇది మేనల్లుడు చెప్పినవాటిలో పనికొచ్చే ఏకైక ముక్క. పాకుతున్నాను. ఆయనా ఆగాడు. సగం నమ్మాడనే అనుకుంటున్నాను. "నిజంగా వంకాయలేనా అండీ?" అని అడిగాడు కూడా.

సరిగ్గా అప్పుడు అమ్మ మళ్ళీ వచ్చింది. ఈసారి పట్టకారులో వంకాయ, ఒక పక్క నల్లగా, పొగలు కక్కుతూ.

"ఈ పక్క అయిపోనాది. రెండో పక్క కూడా కాల్సీమంటావేట్రా?"

"రెండో పక్క ఎవరున్నారండీ?" అని ఆయన గిర్రున తిరిగాడు.

నేను నోరు విప్పలేదు. పెదాలు బిగించి అమ్మకి చేత్తో సైగ చేశాను. ఆ సైగ ఆవిడకి ఈగలు తోలుతున్నట్టు కనిపించిందట, తర్వాత చెప్పింది.

"ఓలమ్మా, నోట్లో బెల్లం ఉందేటి? కాల్సీమంటావా, వద్దంటావా?"

నలభై నాలుగేళ్ళుగా అమ్మ గొంతు పెంచి అడిగితే జవాబు చెప్పకుండా ఉన్నది లేదు. ప్రాణం పోతున్నా నాలుక దాని పని అది చేసేసింది.

"ఆ... కాల్సీ."

కాల్చేశాడు.

తెర నల్లబడింది. బ్లూప్రింట్, నిమ్మకాయలు, ఆప్రికాట్లు, మెడపట్టీ, అన్నీ ఆ మర్యాదస్తుడి సంచిలోకే పోయి ఉంటాయి.

వెంటనే మేనల్లుడికి ఫోన్ చేశాను. మొత్తం విన్నాడు. వాడు నవ్వలేదు, అదే నాకు ఎక్కువ మండింది. "మాట్లాడేటప్పుడు మాత్రమే మీట నొక్కి పట్టుకునే సెట్టింగ్ ఉంటుంది కదా మావయ్యా, అది పెట్టుకోలేదా?" అన్నాడు. పదకొండు మెసేజ్‌లు పంపినవాడు పన్నెండోది పంపడానికి ఏమైంది? పది నిమిషాల్లో బంధువుల గ్రూపులో మా అక్క పెట్టిన వంకాయ బొమ్మ చూశాను. దాని పక్కన తుపాకీ బొమ్మ. శ్రీకాకుళంలో ఉన్న మా పిన్ని అయితే "వంటి మీద ఎక్కడ కాలింది నానా, మందు రాసుకున్నావా?" అని పెట్టింది.

భోజనానికి కూర్చున్నాను. పచ్చిపులుసు బాగుంది, అది ఒప్పుకోవాలి. అమ్మ మజ్జిగ పోస్తూ అడిగింది.

"నిమ్మకాయలు తెచ్చినావేట్రా?"

"మూడు దొరికాయమ్మా. దారిలో ఎవడో పట్టుకుపోయాడు."

అమ్మ గరిటె ఆపేసింది.

"ఏ బజార్లోనేట్రా?"