సవరణ: స్ట్రోక్ వస్తే పాట ఏమవుతుంది?

మొన్నటి పోస్టులో, మాట మెదడు ఎడమవైపు, సంగీతం కుడివైపు, కాబట్టి ఎడమవైపు స్ట్రోక్ వచ్చినవాళ్లకి సంగీతానికి ఢోకా లేదని రాశాను. అది తప్పు, ఒక్క ఉదాహరణ పట్టుకుని అందరికీ అంటగట్టేశాను.

ఆ ఉదాహరణ మాత్రం నిజమే. సోవియట్ స్వరకర్త షెబాలిన్‌కి 1959లో రెండోసారి స్ట్రోక్ వచ్చి మాట బాగా దెబ్బతింది, అయినా స్వరరచన మానలేదు, 1962లో ఐదో సింఫనీ పూర్తిచేశాడు. అలాగని అందరికీ అలాగే జరగదు. స్ట్రోక్ పేషెంట్ల మీద వచ్చిన పరిశోధనలు, ముఖ్యంగా ఫిన్లాండ్‌వి, చెప్పేదేంటంటే మెదడులో కుడి టెంపోరల్ భాగం (కుడి చెవి వైపు ఉండే భాగం), దాని చుట్టుపక్కల దెబ్బతింటే సంగీతం పోల్చుకోలేకపోవడం, అంటే అమ్యూజియా, ఎక్కువగా కనిపిస్తుంది, కానీ ఎడమవైపు దెబ్బతిన్నవాళ్లలోనూ ఉంటుంది. పైగా సంగీతమంతా ఒకే చోట లేదు: ఒకరికి శ్రుతి తేడా తెలియదు కానీ తాళం తెలుస్తుంది, ఇంకొకరికి సరిగ్గా ఉల్టా.

ఇంకో సంగతి, కామెంట్లలో కొందరు ఈ అమ్యూజియాని చెవుడు అనుకున్నారు. కాదు. వినికిడి పరీక్షలో అంతా బాగానే ఉండొచ్చు, మాటలూ అర్థమవుతాయి, అందుకే సాహిత్యం వినబడితే పాట ఏదో చెప్పేస్తారు, అదే పాట వీణ మీద వాయిస్తే పోల్చుకోలేరు, మధ్యలో అపస్వరం పడినా పట్టుకోలేరు (పక్కనున్నవాళ్లు ధ్యాస లేదనుకుంటారు, పాపం).

కొంతమందికి కొన్ని నెలల్లో తగ్గుతుంది, కొందరికి ఉండిపోతుంది. పాత పోస్టులో ఆ పేరా తీసేశాను, షేర్ చేసినవాళ్లు ఇది కూడా జతచేయండి.