ఒకే వీలునామాలో హక్కులూ, బానిసలూ

1773 మార్చి 9న అమెరికాలోని వర్జీనియాలో, గన్‌స్టన్ హాల్ అనే తమ ఎస్టేటులో భూస్వామి జార్జి మేసన్ భార్య యాన్ చనిపోయింది. అంతకు మూడు నెలల ముందు నెలలు నిండకుండా పుట్టిన కవలలు దక్కలేదు. ఆ కాన్పు నుంచి ఆమె మళ్ళీ కోలుకోలేదు. ఇంట్లో తొమ్మిది మంది పిల్లలు. మేసన్‌కు తొమ్మిదేళ్ళప్పుడే తండ్రి పోటోమాక్ నదిలో పడవ బోల్తాపడి పోయాడు. అందుకేనేమో, భార్య పోయిన పదకొండో రోజుకే వీలునామా రాసి పెట్టుకున్నాడు.

ఆ వీలునామాలో కొడుకులకు ఒక ఆదేశం ఉంది: పేదరికానికీ చావుకూ జడిసి దేశ స్వేచ్ఛను వదులుకోవద్దు, పుట్టుకతో వచ్చిన పవిత్ర హక్కులను మీ తర్వాతివాళ్ళకు అందించండి. అందులోనే పొలాలతో పాటు బానిసలను కూడా పిల్లలకు పేరుపేరునా పంచాడు.

మూడేళ్ళకు ఆయనే వర్జీనియా హక్కుల ప్రకటనకు చిత్తు రాశాడు. మనుషులందరూ పుట్టుకతో సమానంగా స్వేచ్ఛాపరులు అన్న వాక్యం దగ్గర సభ ఆగిపోయింది. బానిసలు కూడా ఇందులోకి వస్తారుగా అని కొందరికి గుబులు. చివరికి 'సమాజంలో చేరినప్పుడు' అన్న ముక్క ఇరికించారు. బానిసలు సమాజంలో లేరు కాబట్టి పేచీ లేదట! తెలివైన లాయరు పని.

'ఆ కాలం అలాంటిది' అని మేసన్‌ను వెనకేసుకొచ్చేవాళ్ళకు ఆ ముక్కే జవాబు. తాము రాస్తున్నదాని అర్థం వాళ్ళకు బాగానే తెలుసు. 1787లో రాజ్యాంగ సభలో మేసనే లేచి, బానిసల యజమాని ప్రతివాడూ పుట్టు నిరంకుశుడే అన్నాడు. మర్నాడో ఆ మర్నాడో కాదు, అప్పటికప్పుడే దక్షిణ కరొలైనా ప్రతినిధి పింక్నీ చురక అంటించాడు: బానిసల దిగుమతి ఆగితే లాభం వర్జీనియాకే, అక్కడున్న బానిసల ధర పెరుగుతుంది. హక్కుల ప్రకటన లేదన్నది ప్రధాన అభ్యంతరంగా మేసన్ రాజ్యాంగం మీద సంతకం పెట్టలేదు. దాంతో పాత స్నేహితుడు వాషింగ్టన్ దూరమయ్యాడు. ఆ ధైర్యాన్ని ఒప్పుకోవాల్సిందే. కానీ మరుసటి ఏడాది వర్జీనియా సభలో, మన చేతిలో ఉన్న బానిసల ఆస్తికి ఈ రాజ్యాంగంలో రక్షణ లేదని ఫిర్యాదు చేసింది కూడా ఆయనే.

దారి లేక కాదు. యజమాని తలచుకుంటే బానిసలను విడిచిపెట్టడానికి వర్జీనియా చట్టం 1782లోనే వీలిచ్చింది. అక్కడి మరో భూస్వామి రాబర్ట్ కార్టర్ 1791లో నాలుగు వందల మందికి పైగా విముక్తి పత్రం రాశాడు. 1792లో కన్నుమూసిన మేసన్ అలాంటిదేమీ చేయలేదు.

కొడుకు జాన్ పెద్దయ్యాక రాసిన జ్ఞాపకాల్లో ఆ ఎస్టేటు ఎలా నడిచేదో కనిపిస్తుంది. వడ్రంగులు, కమ్మరులు, చెప్పులు కుట్టేవాళ్ళు, నేతగాళ్ళు, అంతా బానిసలే. ఇప్పుడు ఫెయిర్‌ఫాక్స్‌లో మేసన్ పేరుతో ఉన్న విశ్వవిద్యాలయానికి మన పిల్లలు కూడా చదువుకోవడానికి వెళ్తున్నారు. 2022లో ఆ ఆవరణలో మేసన్ బానిసలకు స్మారకం వెలిసింది. ఆయన తన కూతురికి ఇచ్చేసిన పదేళ్ళ పెన్నీకి అక్కడ చోటు దక్కింది.