ఏ ప్రోగ్రామింగ్ భాష నేర్చుకోమంటారు?

ఐఫోన్ యాప్‌ల కోసం ఆబ్జెక్టివ్-సి మొదలుపెట్టాను. ఆ చదరపు బ్రాకెట్లకు చేయి అలవాటు పడేలోపే, 2014లో స్విఫ్ట్ అనే కొత్త భాష వచ్చింది. ఆండ్రాయిడ్‌కి జావా చాలనుకుంటే 2019 నుంచి కోట్లిన్‌కే పెద్దపీట. పైథాన్ 2కి 2020 జనవరి 1తో సపోర్ట్ ఆగిపోయింది. పాత ప్రోగ్రాముల్ని పైథాన్ 3కి మార్చేటప్పుడు ప్రింట్‌కి బ్రాకెట్లు తగిలించడం చిన్న పనే, టెక్స్ట్‌నీ బైట్లనీ విడదీయడం దగ్గరే ప్రాణం విసిగిపోయింది. ఎన్ని రాత్రుళ్లు పోయాయో!

ఎవరిని అడిగినా “బేసిక్స్ వస్తే చాలు, భాష ఏదైతేనేం” అంటారు. మరి ఇంటర్వ్యూలో ఫలానా ఫ్రేమ్‌వర్క్‌లో ఎన్నేళ్ల అనుభవం అని ఎందుకు అడుగుతారు? మొదలుపెట్టాలంటేనే టెన్షన్‌గా ఉంది. 1970లలో పుట్టిన డేటాబేస్ భాష ఎస్‌క్యూఎల్ మాత్రం ఇప్పటికీ రోజూ పనికొస్తోంది. దాన్ని ముందు నేర్చుకోమని ఒక్కరూ చెప్పలేదు.