పైన రెయిల్ ఉంటే సరిపోతుందా?

"రూఫ్ రెయిల్స్ ఉన్నాయి సార్, ఏదైనా కట్టుకోవచ్చు" అని కారు అమ్మేస్తారు. ఏం కట్టుకోవాలి? చాలా కాంపాక్ట్ ఎస్‌యూవీల కప్పు మీద రెండు పక్కలా ఉండేది అలంకారానికి పెట్టిన ప్లాస్టిక్ పట్టీ. దానికి క్రాస్ బార్ (కప్పు మీద అడ్డంగా వేసే కడ్డీ) బిగించి బరువు వేస్తే ఊడొస్తుంది. గట్టి రెయిలే ఉండి, మాన్యువల్లో కప్పు మీద బరువు పరిమితి 50 కిలోలని ఉన్నా, బార్లూ, సామాను పెట్టే క్యారియర్ బుట్టా అందులోవే: బార్లు 5, బుట్ట 15 పోగా మిగిలేది 30. అంటే రెండు సూట్‌కేసులు! ఫిట్టింగు షాపువాడు మాత్రం క్వింటాలుకీ ఢోకా లేదంటాడు. బార్‌ని పట్టి ఉంచే క్లాంపు కింద రబ్బరు ప్యాడ్ వెయ్యడు. పెయింటు లేచి తుప్పు మొదలవుతుంది. నాలుగు బోల్టులూ ఒక్కోటీ చివరిదాకా బిగించేస్తాడు, బార్ వంకరగా కూర్చుంటుంది. మార్చి మార్చి కొంచెం కొంచెంగా బిగించాలయ్యా! కాస్త దూరం తిరిగాక మళ్లీ బిగించుకోమనీ చెప్పడు. బార్ గాడిలో రబ్బరు స్ట్రిప్ మరిచిపోతాడు, ఇక హైవే పొడుగునా గాలి ఈలే.