ఆదివారం తాళం ఎవరి చేతిలో ఉంది?

టెక్సస్‌లో శనివారం రాత్రి 9 గంటలకు మూసిన మద్యం దుకాణం మళ్లీ సోమవారం ఉదయం 10 దాకా తెరుచుకోదు. ఆదివారమంతా దుకాణంలో విస్కీ దొరకదు కానీ, ఉదయం 10 దాటితే సూపర్ మార్కెట్లో బీరు, వైను నిక్షేపంగా కొనుక్కోవచ్చు. పక్కనున్న లూసియానాకు వెళితే, న్యూ ఆర్లియన్స్‌లో బార్లకు మూసే వేళంటూ లేదు. డాలస్‌కో హ్యూస్టన్‌కో కొత్తగా వచ్చిన మనవాళ్లకు ఇదంతా చర్చి ప్రభావమని చెప్పేవారుంటారు. పుట్టుక వరకు అది నిజమే. ఆ నిబంధన ఇంతకాలం బతికి ఉండడానికి కారణం మాత్రం గల్లాపెట్టె దగ్గరే వెతకాలి.

1920 నుంచి దేశమంతటా అమలైన మద్యనిషేధాన్ని 1933 డిసెంబరు 5న 21వ రాజ్యాంగ సవరణ ఎత్తివేసింది. ఆ సవరణలోని రెండో సెక్షన్ మద్యంపై అదుపును రాష్ట్రాలకు అప్పగించింది. చాలా రాష్ట్రాలు అందులో కొంత కౌంటీలకూ పట్టణాలకూ వదిలేశాయి. జాక్ డేనియల్స్ విస్కీ తయారయ్యే టెన్నెసీలోని మూర్ కౌంటీ మద్యనిషేధ కౌంటీగా పేరుపడడం ఆ పంపకాల ఫలితమే. కేంద్రం తన మాట నెగ్గించుకున్నది కొనుగోలు వయసు విషయంలో: 21 ఏళ్ల పరిమితి పెట్టని రాష్ట్రాలకు రహదారి నిధులు కోస్తామన్న 1984 చట్టాన్ని సుప్రీంకోర్టు 1987లో సమర్థించింది.

వేళలకంటే ముందు, అమ్మేదెవరన్న ప్రశ్న ఉంది. పెన్సిల్వేనియాలో నాటి గవర్నర్ గిఫర్డ్ పించో మద్యానికి బద్ధవ్యతిరేకి. కొనడం కష్టంగా ఉండాలన్న ఉద్దేశంతోనే ఆయన హయాంలో సర్కారీ దుకాణాల వ్యవస్థ ఏర్పడింది. 1936లో జాన్స్‌టౌన్‌ను వరద ముంచెత్తినప్పుడు సహాయం కోసం తాత్కాలికమంటూ మద్యంపై 10 శాతం పన్ను వేశారు. పట్టణం ఎప్పుడో కోలుకుంది, పన్ను మాత్రం పెరిగి 18 శాతమై నేటికీ వసూలవుతోంది. కిరాణా దుకాణాల్లోకి వైను రావడానికి 2016 దాకా పట్టింది. 2019లో మద్యం దుకాణాలను ప్రభుత్వం తీసుకోవడాన్నీ, 2024లో అవి తిరిగి ప్రైవేటు చేతికి వెళ్లడాన్నీ చూసిన ఆంధ్రప్రదేశ్ పాఠకుడికి ఖజానాకు అంటిన ఈ అలవాటు గురించి వేరే చెప్పనక్కర్లేదు.

ఆదివారం నిషేధాన్ని కాపాడిన వారిలో దుకాణదారులే ముందుండడం పైకి వింతగా కనిపిస్తుంది. ఆరు రోజుల బేరమే ఏడు రోజులకు పరుచుకుంటే జీతాలు, కరెంటు ఖర్చు పెరుగుతాయి తప్ప రాబడి పెరగదని చిన్న వ్యాపారి లెక్క. అందరికీ సెలవును చట్టమే విధిస్తే ఎవరి బేరమూ పోదు. మినసోటాలో ఈ వాదన 2017 దాకా నెగ్గుకొచ్చింది. ఇండియానాలో పెట్రోలు బంకులు, కిరాణా దుకాణాలు బీరు అమ్మవచ్చు గాని, చల్లబరచి అమ్మే హక్కు మద్యం దుకాణాలదే. ఫ్రిజ్‌లో పెట్టని బీరు ఆరోగ్యానికి మేలని ఎవరూ అనలేదు! మద్యాన్ని కట్టడి చేయాలనే మతబోధకుడు, ఆ కట్టడి వల్ల లాభపడే వ్యాపారి ఒకే చట్టాన్ని రెండు వైపులా మోస్తారని ఆర్థికవేత్త బ్రూస్ యాండిల్ 1983లో చేసిన విశ్లేషణకు ఇంతకంటే చక్కని ఉదాహరణ దొరకదు.

అమ్మకపు వేళలను తగ్గిస్తే హాని తగ్గుతుందన్న ప్రజారోగ్య వాదనను కొట్టిపారేయలేం. అయితే ఆ లెక్కన అర్ధరాత్రి బార్లను ముందు చూడాలి. ఆదివారం మధ్యాహ్నం బీరును వదిలి విస్కీని పట్టుకునే చట్టానికి ఆ వాదన అతకదు.

కోర్టులు ఈ ముడి విప్పుతాయన్న ఆశ కూడా తక్కువే. మద్యం దుకాణం లైసెన్సుకు ముందు రెండేళ్లు రాష్ట్రంలో నివసించి ఉండాలన్న టెన్నెసీ నిబంధనను, స్థానిక వ్యాపారులను కాపాడడం తప్ప దానికి మరో ప్రయోజనం కనిపించడం లేదంటూ, సుప్రీంకోర్టు 2019లో 7–2తో కొట్టివేసింది. ఆదివారం మూత స్థానికుడికీ బయటివాడికీ ఒక్కటే కనుక దానికి ఆ దెబ్బ తగలదు. పైగా దుకాణాల ఆదివారం సెలవును విశ్రాంతి దినంగా భావించవచ్చని 1961లోనే అదే కోర్టు చెప్పి ఉంది. ఇక మిగిలింది టెక్సస్ శాసనసభ. అది సాధారణంగా రెండేళ్లకోసారి సమావేశమవుతుంది.