స్వశక్తి అన్నకు జన్మదిన శుభాకాంక్షలు

మన జిల్లాలో స్వశక్తితో ఎదిగినవాళ్లకు కొదవ లేదని కడప ఏడు రోడ్ల కూడలిలో కాసేపు నిలబడితే చాలు, తెలిసిపోతుంది. ఏ ఫ్లెక్సీ చూసినా అదే మాట: 'ఎవరి అండా లేకుండా ఎదిగిన మా అన్నకు...' దాని కిందే పాస్‌పోర్టు సైజు ఫొటోల్లో ముప్పై మంది దణ్ణాలు పెడుతుంటారు. పై మూలల్లో పెద్ద నాయకుల ముఖాలు. దీన్ని ఎగతాళి చేసేవాళ్లతో నేను ఏకీభవించను. ఇంత నిజాయితీ గల జీవితచరిత్ర ఇంకెక్కడా లేదు. అక్షరాలే అబద్ధం, ఫొటోలన్నీ నిజం.

నా అభ్యంతరమల్లా ఫొటోల ఎంపిక మీదే. బైపీసీ తీసుకుంటానని మొత్తుకున్న అన్నను ఎంపీసీలో చేర్పించింది ఎదురింటి టీచరమ్మ. "మీవాడికి లెక్కలు బాగా వస్తాయి గదమ్మా" అంది. వాడికి రావు. ఆ సంగతి వాణ్ని అడిగిందెవరు? ఆ ఒక్క మాటతో ఇంటర్ తప్పి, కాంట్రాక్టుల్లో దిగి, ఈరోజు ఇంతవాడయ్యాడు. ఆమె ఫొటో ఏదీ?

మహానుభావుల సంగతీ ఇంతే. 1798లో కలకత్తాలో పుట్టిన సి.పి.బ్రౌన్, మద్రాసులో వెలగపూడి కోదండరామ పంతులు దగ్గర పరీక్ష గట్టెక్కేంత తెలుగు నేర్చుకుని, 1820లో కడపకు ఉద్యోగానికొచ్చాడు. ఇక్కడి కలెక్టరు హాన్‌బరీ గడగడా తెలుగు మాట్లాడేస్తున్నాడు. పై అధికారికి వచ్చిన విద్య కింది ఉద్యోగికి రాకపోతే ఎట్లా? తర్వాత బంగళాలో పండితులకు జీతాలిచ్చి తాళపత్రాలు సరిచేయించాడు, 1829లో వేమన పద్యాలు అచ్చేయించాడు. ఆ బంగళా పనులన్నీ చూసుకున్నది అయోధ్యాపురం కృష్ణారెడ్డి. అదే స్థలంలో ఇప్పుడు ఎర్రముక్కపల్లె భాషా పరిశోధన కేంద్రం ఉంది. బోర్డు మీద మాత్రం దొర పేరొక్కటే. మన ఫ్లెక్సీవాళ్లే నయం.

అందరికంటే అన్యాయం జరిగింది మాత్రం అన్న మేనమామకు. "వీడు బాగుపడితే నా పేరు మార్చుకుంటా" అని ఆయన పెళ్లిపందిట్లో నలుగురి ముందూ అన్నాడు. ఆ ఉక్రోషంతోనే అన్న రాత్రింబవళ్లు తిరిగాడు. న్యాయంగా పై మూలలో ఉండాల్సిన ముఖం అది. ఈసారి కుర్రాళ్లు ఫొటో కోసం ఇంటికి వెళ్లారు కూడా.

మామ ఇవ్వనన్నాడు. వీడు బాగుపడినట్టు తనకింకా నమ్మకం కుదరలేదట.