చుక్క పడదు, పడితే ఆగదు

వట్టివేరు నూనెకు తొందర తెలియదు. వేళ్ళలోంచి బయటికి రావడానికే ఆవిరి బట్టీలో 18, 24 గంటలు కూడా తీసుకుంటుంది. అలాంటిది మర్దన తైలం కలిపే పెద్దమనిషి సీసా బోర్లించగానే టపటపా రాలాలనుకుంటాడు.

లెక్కకేం, శుభ్రంగా ఉంటుంది. 30 మి.లీ. బాదం నూనెకు 2 శాతం సుగంధ తైలాలంటే సుమారు 12 చుక్కలు. లావెండర్ 7, తీపి నారింజ 4, వట్టివేరు ఒకే ఒక్కటి. మొదటి రెండూ చెప్పినమాట వింటాయి. మూడోది బెజ్జం దగ్గరికొచ్చి మొండికేస్తుంది. ఆయన సీసాను విదిలిస్తాడు, కింద కన్నుపెట్టి చూస్తాడు, చివరికి అడుగున అరచేత్తో ఒక్కటి చరుస్తాడు. నూనె దిగాలంటే దాని చోటులోకి గాలి పోవాలి. నూనె అంత చిక్కనైతే ఆ సన్నబెజ్జంలో ఇద్దరికీ దారి ఉండదు. చరిచిన దెబ్బకు గాలిబుడగ లోపలికి దూరుతుంది, నూనె బయటికి దూకుతుంది. ఒకటి కావలసినచోట ఆరు.

మనసుకు నిలకడ కోసం కలిపే నూనె ఇది. ఆ క్షణాన కలిపేవాడి నిలకడ చూడాలి!

వాసన అణచడానికి మరో 20 చుక్కల లావెండర్ గుమ్మరిస్తాడు. మొత్తం 37, అంటే 6 శాతం దాటింది. ఇక ఒంటికి రాస్తే దురదో మంటో పుట్టవచ్చు. పైగా లావెండర్ కొన్ని గంటల్లో ఎగిరిపోతుంది, వట్టివేరు రోజుల తరబడి అంటిపెట్టుకునే రకం. లావెండర్ జోలికి పోకముందే నిష్పత్తి సరిచేద్దామంటే బాదం నూనె 180 మి.లీ., లావెండర్ 42 చుక్కలు, నారింజ 24 చుక్కలు కావాలి. ఒక్క ఒంటికని మొదలుపెట్టిన తైలం ఆరుగురికి సరిపడా తయారవుతుంది. ఒళ్ళప్పగించే ఆ మిగతా ఐదుగురిని వెతుక్కోవడం వేరే పని.

సీసాకు మూత బిగించి గోరువెచ్చని నీళ్ళలో ఐదు నిమిషాలుంచితే ఈ గొడవే ఉండదు. తర్వాత బోర్లించకుండా ఏటవాలుగా పట్టుకుని ఊరుకోవాలి. ఊరుకోవడమే కష్టం. చుక్క కూడా నేరుగా బాదం నూనెలో కాదు, ముందు ఖాళీ గాజు గిన్నెలో పడాలి. ఎక్కువైతే అక్కడే ఆపేయొచ్చు. తరచూ కలిపేవారైతే 1 మి.లీ. వట్టివేరును 9 మి.లీ. జోజోబా నూనెలో కలిపి దాచుకోవడం మేలు. దాంట్లోవి 10 చుక్కలంటే అసలుదాంట్లో ఒకటి.

చేతికంటిన జిగురును నీళ్ళతో రుద్దితే పోదు. ముందు కాస్త మామూలు నూనె రాసి, తుడిచి, ఆపైన సబ్బు.

మిగిలిపోయిన తైలాన్ని డిఫ్యూజర్‌లో, అంటే నీళ్ళను పొగమంచుగా చిమ్మి గదికి వాసన పంచే పరికరంలో, పోస్తే తీరిపోతుందని ఒక ఆలోచన వస్తుంది. రానివ్వకండి. అందులోని బాదం నూనె కంపించే పళ్ళేనికి పట్టేసి పొగమంచు ఆగిపోతుంది. పోసేసి ఉంటే ప్లగ్గు తీసి, నీళ్ళు పారబోసి, స్పిరిట్‌లో ముంచిన దూదితో మెల్లగా తుడవాలి. గోరుతో గీకితే పళ్ళెం కూడా పోతుంది.